వేలిముద్ర పడలేదు

కొత్తపేటలో మా ఆసుపత్రి మెట్లెక్కగానే
కుడిచేతి పక్క నా బల్ల.
మూడేళ్ళలో దాని మీద బోర్డు రెండుసార్లు మారింది,
పథకం పేరొకసారి, రంగొకసారి.
కాళ్ళ దగ్గర ఫ్యాను మాత్రం పాతదే.

ఈ నెల నుంచి కొత్త పద్ధతి.
ఆసుపత్రికి బీమా కంపెనీ ఇస్తుంది,
కంపెనీకి ప్రభుత్వం ఇస్తుంది,
ప్రభుత్వానికి
సబ్బుబిళ్ళ కొన్నా, ఫోనుకి రీచార్జి వేయించినా
ఎంతో కొంత వదులుకునే మస్తాన్‌బీ ఇస్తుంది.

యార్డు అవతల షెడ్డులో మిరపకాయల తొడాలు తీస్తుందామె.
కిలోకి ఇంతని కూలి.
భర్త నాగుల్‌మీరా హమాలీ.
టిక్కీ వీపు మీదుండగానే ఎడంచెయ్యి లాగిందట.
గుండెలో రెండు చోట్ల పూడిక.

"వేలు పెట్టమ్మా" అన్నాను.
పెట్టింది. గాజు కింద ఎర్రలైటు.
బొటనవేలు. చూపుడువేలు. ఎడమచెయ్యి.
ఉంగరపు వేలు అడిగితే సిగ్గుపడుతూ ఇచ్చింది.
ఘాటుకి తోలూడి నున్నబడ్డ వేళ్ళు.
మనిషి ఉంది, ముద్ర లేదు.

కొబ్బరినూనె రాశాం, తడిగుడ్డతో తుడిచాం.
ఫోన్లో అమ్మాయి, పాపం, మర్యాదగానే
మరోసారి ప్రయత్నించమంది.
పై అంతస్తు నుంచి కంటిపాప చూసే మిషను తెచ్చేసరికి
పదకొండున్నర.
షెడ్డు నుంచి నేరుగా వచ్చిన కళ్ళు,
తెరవమంటే తెరుచుకోవే!

అప్పుడు తెలిసింది, మొదటి అనుమతి ఒక్క స్టెంటుకే.
రెండోదానికి ఇంకో దరఖాస్తు,
ఎక్కడో కూర్చున్న ఇంకో డాక్టరు ఔననాలి.

"సగం గుండెకేనా అమ్మా కార్డు?"
ఎగతాళి కాదు,
బజార్లో ధర కనుక్కున్నట్టే అడిగింది.

ఈ బల్లని తిట్టలేను నేను.
మా నాన్నప్పుడు ఇదీ లేదు.
పెదకాకాని దగ్గర ముప్పై సెంట్లు బేరం పెట్టి
కొనేవాడు బయానా తెచ్చేలోపే
పెద్దాసుపత్రి వరండాలో ఆయన లెక్క తేలిపోయింది.
అలాగని పొగడనూలేను.
జీతం రెండు నెలలుగా
నాదీ పరిశీలనలోనే ఉంది.

నాలుగింటికి ఒకటి పచ్చబడింది.
నాగుల్‌మీరాని లోపలికి తీసుకెళ్ళారు.
రెండోది, నేనింటికి బయల్దేరేదాకా,
పసుపురంగులోనే.

గాజు మీద మస్తాన్‌బీ వేళ్ళ కారం మిగిలినట్టుంది.
ఆమె తర్వాత వేలు పెట్టిన సత్తెనపల్లి పెద్దాయన
కన్ను నులుముకున్నాడు,
ఆయన వెనక బాలింత,
గాజు తుడిచాక నేను.
ఆ సాయంత్రం
ఎవరి కంట నీరు దేనికో
ఒకరినొకరం అడగలేదు.