మంచు పద్దు

లిమా నగరానికి ఉత్తరాన, ఇసుక కొండ మీదికి
నాలుగు వందల పన్నెండు మెట్లు.
లెక్క నాది కాదు, నీళ్ళ డబ్బాలు మోసే
విల్బెర్ అనే పిల్లాడిది.
వాడు లెక్కలు మోకాళ్ళతో చేస్తాడు.

నేను ఆఫీసు మనిషిని.
మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబ్లెట్,
అందులో ముప్పై ఏడు ప్రశ్నలు.
పేదరికాన్ని గోడకి నిలబెట్టి కొలిచే గజంబద్ద.

"నేల మట్టిదా, సిమెంటుదా?"
సాతుర్నినా వంగి చాప ఎత్తి చూపించింది.
సిమెంటు. మంచం పట్టేంత మేర, నున్నగా.
కూతురికి ఆయాసం, దుమ్ము పడదని
రెండేళ్ళు గుండీలు కుట్టి పోయించింది.
గడి నొక్కాను.
తెర కాసేపు ఆలోచించి ఎర్రబడింది: అర్హత లేదు.
ఆమె అడిగింది, కోపంగా కాదు,
కూరల బేరమాడే గొంతుతో:
"పగలగొడితే ఇస్తారా?"

ముప్పై ఏడింట్లో ఆ ప్రశ్న లేదు.

మధ్యాహ్నం. సముద్రం మీంచి వచ్చిన మంచు
ఇంటి రేకుల మీద తడిగుడ్డలా పడి ఉంది.
మెట్ల మలుపులో పొయ్యి, పొయ్యి మీద
ఇద్దరు పడితేగాని లేవని గంగాళం.
బంగాళాదుంపలు, కోడికాళ్ళు,
మార్కెట్లో ఎవరో అడిగి తెచ్చిన వాడిన క్యారెట్లు.
వరసలో నిలబడ్డాను.
ఆకలి కార్డు చూసి ఆగదు కదా.

వరస మొదట్లో ఒక డబ్బా.
చెయ్యి పట్టేంత నోరు, దాని మీద నల్లగుడ్డ.
గిన్నెకి ఒక సోల్.
ప్రతివాళ్ళూ పిడికిలి బిగించి లోపల పెడతారు,
విప్పి తీస్తారు.
ఉన్నవాళ్ళదీ పిడికిలే, లేనివాళ్ళదీ పిడికిలే.
గుప్పిట మూసినంతసేపే గుట్టంటారే,
ఆ గుట్టుని ఈ కొండ
చలికి చంటిబిడ్డని కప్పినట్టు కప్పి కాస్తోంది.

నా జేబులో ఒకే ఒక్క వంద నోటు. చిల్లర లేదు.
చెప్పబోయాను.
నికొలాసా గరిటె ఆపలేదు. "అడిగానా?" అంది.
ఖాళీ పిడికిలి లోపల పెట్టాను.
నలభై మూడేళ్ళొచ్చి, నెల జీతం ఉండి,
మొదటిసారి తెలిసింది
ఏమీ లేని చెయ్యి ఎంత బరువో.
ఎవరూ చూడలేదు.
అంతమంది కలిసి, అంత శ్రద్ధగా,
చూడకుండా ఉండటం
నేనెక్కడా చూడలేదు.

సాయంత్రం నోటుపుస్తకం తెరిచింది.
గిన్నెలు తొంభై రెండు. నాణేలు అరవై ఒకటి.
తక్కువైన ముప్పై ఒకటికి ఎదురుగా పేర్లు లేవు,
ఒకటే మాట: మంచు.
మంచు తినేసిందట. పద్దు సరి.

ఎంత బాగుందో అన్నాను.
పైవాళ్ళకి రాస్తానన్నాను.
నికొలాసా చేతులు తుడుచుకుంది.

"మెచ్చుకోళ్ళు చాలా వచ్చాయిలే.
గంగాళం పక్కన నిలబెట్టి నవ్వమన్నారు, ఫోటోలు పట్టుకుపోయారు.
మెప్పుతో గ్యాసు వెలగదు.
కింద తోటలున్న ఇళ్ళకంటే
ట్యాంకరు నీళ్ళకి మేమే ఎక్కువ కడుతున్నాం, అది రాయి.
పైపు వెయ్యమని రాయి.
డబ్బిస్తే చేతికివ్వమను, దేనికని అడగొద్దను.
కూతురి ఊపిరికి ఏం కావాలో సాతుర్నినాకి తెలుసు,
నీ తెరకి తెలీదు.
ఈ గంగాళం ఉందే, ఇది వంతెన కాదు నాయనా,
పడవ మునిగినప్పుడు దొరికిన చెక్క.
చెక్కకి దండలు వెయ్యొద్దు."

దిగుతూ మెట్లు లెక్కపెట్టాను.
నాలుగు వందల పదిహేను.
విల్బెర్ మూడు తప్పాడు, లేదా
బరువుతో ఎక్కేవాడికీ ఉత్తచేతుల్తో దిగేవాడికీ
కొండ వేరు వేరు లెక్క చెబుతుందేమో.

బస్టాపులో ఆమె ఫారం మళ్ళీ తెరిచాను.
నేల: మట్టి. సిమెంటు. ఇతరం.
ఇతరం నొక్కి, ఖాళీలో
మంచు అని రాశాను.

బస్సు వచ్చింది.
తెర ఇంకా ఆలోచిస్తూనే ఉంది.