వెనకవైపు

కబాన్ సరస్సు గడ్డకట్టిన ఆదివారాల్లో
పాతసామాన్ల సంతకి వెళ్తాను.
ముప్పై ఏళ్లు ట్రామ్‌లో టికెట్లు చింపిన వేళ్లు,
అట్టముక్క అంచు తగిలితే చాలు, ఆగిపోతాయి.

నా దగ్గర పదకొండు సుయుంబికే బురుజులున్నాయి.
ఒక్కో ముద్రణలో ఒక్కోలా ఒరిగింది.
ఒకదాంట్లో మాత్రం నిటారుగా ఉంది,
ఫోటో తీసినవాడే ఒరిగి ఉంటాడు.

తేనెపాకం గుట్ట చక్‌చక్,
రంగు వెలిసి ఇటుకపొడిలా.
మూడు మూలల ఎచ్‌పోచ్‌మాక్,
నడినెత్తిన చిల్లు, వేడి చారు పోయడానికి.
ముత్యాల కల్ఫాక్ పెట్టుకున్న పెళ్లికూతురు
కెమెరాని నమ్మనట్టు చూస్తోంది.

బొమ్మలన్నీ నావే.
వెనకవైపులే కావు.
వందేళ్లలో మా భాష మూడు లిపుల్లో కాపురముంది,
అద్దెకొంపలు మారినట్టు.
అమ్మమ్మ కుడి నుంచి ఎడమకి రాసేది.
ఆమె చెల్లెలు లాటిన్ అక్షరాల్లో.
నేను సిరిలిక్‌లో సంతకం చేస్తాను.

మొన్న, పాత బూట్లు అమ్మే గబ్దెల్బార్ తాత చేతిలో
అమ్మమ్మ కార్డు పెట్టాను.
కళ్లజోడు మీది ఆవిరి తుడుచుకుని
కుడి అంచు నుంచి వేలు నడిపించాడు.
ప్రార్థన అనుకున్నాను,
కాకపోతే ఎవరిదో చావు.

"పిండి అందింది తస్కిరా.
ఉల్లిపాయలు ఇంక పంపకు.
కోస్తూ మీ బావ ఏడుస్తుంటే
ఏ ఉత్తరం వచ్చిందోనని
పక్కింటివాళ్లు పరిగెత్తుకొస్తున్నారు."

తాత డబ్బు వద్దన్నాడు.
ఇంకోటి ఉంటే తెమ్మన్నాడు.

ఆ కార్డుని ఆల్బమ్‌లో బోర్లా అంటించాను.
పదకొండో బురుజు
అట్టకి చేరగిలబడి ఉంది.