గంటకో చుక్క

యాభై కిలోల ఉల్లిగడ్డ మూట
మెడమీదేసుకొని లారీ ఎక్కే చేతులు నావి.
ఈ చేతులు ఒక చుక్క, ఒకే ఒక్క చుక్క
జారవిడవడం నేర్చుకోడానికి
ఏడాది పట్టింది.

ఉరుకుందమ్మా, పైకి చూడు.
రెప్ప కొట్టొద్దు.
మొదట్లో సగం చెంపమీదికే పోయేది.
"అంత ధర పెట్టి తెచ్చి
నేలకు తాపుతాండావా" అనేది.

మూర్ఛకని ఇచ్చిన బిళ్ళ అది.
పదహారో రోజు జొరం, నోటినిండా పుండ్లు.
పద్దెనిమిదో రోజు
లేపుదామని చెయ్యి పట్టుకుంటే
నా చేతికి తోలొచ్చింది.
అంతకంటే చెప్పను.

కర్నూలు పెద్దాస్పత్రిలో
అరిటాకులు పరిచి పండబెట్టినారు.
రోజూ తెల్లారకముందే ఆకుల కట్ట కొనేవాణ్ణి.
"ఏం, ఇంట్లో పెండ్లా?" అని అడిగినాడు అంగడాయన.
ఊ అన్నా.
రెండోనాడు ఒక కట్ట ఊరికే ఇచ్చినాడు, పెండ్లికని.

ఇరవై మూడో దినం ఇంటికి పంపినారు.
బతికింది కదా అన్నారందరూ.
నేనూ అదే అనుకున్నా.
బతికినాక కూడా చెయ్యాల్సిన చాకిరీ ఒకటుంటుందని
అప్పుడెవరికి తెలుసు.

గోర్లు ఊడి మళ్ళీ వచ్చినాయి, గట్లుగట్లుగా,
దున్ని వదిలేసిన చేను మాదిరి.
వీపంతా మచ్చలు.
కుళాయి కాడ ఆడోళ్ళు బిందెలు జరుపుకున్నారు.
అంటేది కాదమ్మా, మందు పడలే, అంతే అని
చెప్పీ చెప్పీ నా నాలుక అరిగింది.

కనురెప్పల వెంట్రుకలు లోపలికి తిరిగి మొలుస్తాయి,
కాపాడాల్సిన కంటినే గీరుతాయి.
నెలకోసారి కంటి డాక్టరమ్మ సన్న పట్టకారుతో పీకుతాది.
మొన్న ఏడు.
పోయిన నెల పదకొండు.
ఉరుకుందమ్మ లెక్కపెట్టుకుంటాది,
పాల లెక్క మాదిరి.

మూడో ఏడు ఒక కొత్త డాక్టరమ్మ
పరదా లాగి, నన్ను బయట నిలబెట్టి,
ఏందో మెల్లగా అడిగింది.
షేర్ ఆటోలో రాజ్ విహార్ దాటినాక
ఉరుకుందమ్మ కిటికీ దిక్కు చూస్తా చెప్పింది:
లోపల కూడా పుండ్లు మాని అతుక్కుందంట.
మూడేండ్లు నోరు మూసుకుంటివే అన్నా.
"నువ్వు అడిగితివా" అంది.
కల్లూరు వచ్చేదాకా
ఇద్దరం ఆ డ్రైవరు వీపే చూస్తా కూర్చున్నాం.

కార్డు ఒకటిచ్చినారు. తడవకుండా ప్లాస్టిక్కు వేయించినా.
ఎర్ర ఇంకుతో ఆ బిళ్ళ పేరు,
కింద దాని అన్నదమ్ముల పేర్లు.
తనకు చదువు రాదు. కొంగున ముడేసుకుంటాది.
దగ్గుకు మాత్ర అడిగినా ముందు ముడి విప్పుతాది.
మా పాప కుళ్ళాయమ్మ ఆ పేర్లన్నీ
ఎక్కాల మాదిరి ఒప్పజెబుతాది,
మధ్యలో ఒకటి మరిచిపోతే
మళ్ళీ మొదటినుంచి.

మునుపు యార్డులో గడ్డలు ఏరేది ఉరుకుందమ్మ.
పక్కనోళ్ళ కండ్లనిండా నీళ్ళు కారేవి,
తనవీ కారేవి, పాట పాడతా తుడుచుకునేది.
ఇప్పుడు ఆ ఘాటుకు మంటే గానీ నీళ్ళు రావు.
పని మానింది.

కోడుమూరులో వాళ్ళమ్మ పోయిననాడు
కేక గొంతు దాటింది, కన్ను దాటలే.
ఎర్రగా, పొడిగా, అట్లే తెరుచుకొని కూర్చుంది.
"కన్నబిడ్డ గదా, చుక్క రాల్చలే" అన్నారెవరో వెనకనుంచి.
నేను లేచినా. జేబులో సీసా తీసినా.
అందరి ముందర, శవం పక్కన,
తన గడ్డం పట్టుకొని
పైకి చూడు అన్నా.
కుడికంటికొకటి. ఎడమకంటికొకటి.
అప్పుడు చెంపలమీద కారింది.
కొన్నదే. అయితేనేం.

"ఇంకెన్నాళ్ళు తిరగాల సార్?"
చర్మం డాక్టరు చీటీమీద తారీఖు ముద్ర కొట్టినాడు.
మూడు నెలలకు రండి.
నిరుడూ అదే మాట. ముద్రలో ఏడు మాత్రం మారింది.

యార్డులో నా ఫోను గంటగంటకూ మోగుతాది.
"అన్నా, వదిన కన్ను మోగుతాంది" అని నవ్వుతారు హమాలీలు.
నవ్వనీ.
గోడ అవతలే మా ఇల్లు.
రోంత ఉండు,
ఈ మూట దించి వస్తా.