సౌండు పెంచు

నాలుగో పెగ్గు కాడ
అందరు ఒక్కటే మాట అంటరు:
"అన్నా, సౌండు పెంచు."

పదమూడేండ్ల సంది
హన్మకొండ హంటర్ రోడ్డు ఫంక్షన్ హాళ్లల్ల
ఈ డబ్బా ముందర గూసుంటున్న.
ఇరవై నాలుగు మీటలు, రెండు చేతులు,
ఒక నీళ్ల సీసా.
రాత్రి ఎనిమిదింటికి పాట పాట లెక్కనే ఉంటది.
పాడే పిల్ల ఊపిరి తీసుకునే చప్పుడు సుత
ఆఖరి కుర్చీ దాక పోతది.
తొమ్మిదిన్నరకు తబలా గట్టిగ గావాల్నంటరు,
పదింటికి అన్నీ గట్టిగ.
పదకొండింటికి నా డబ్బల ఎర్ర దీపాలు
ఆళ్ల కండ్లోలె మండుతుంటయి.
నేను మీట ముట్టకుంటనే
ముట్టినట్టు చెయ్యి ఆడిస్త.
"ఆ, గిప్పుడు మంచిగుంది" అంటరు.

ఓ మూలకు ఎవలి బిడ్డనో, నాలుగేండ్లది,
చేతుల సగం తిన్న జిలేబి,
పాట ఆగినా ఆగది,
బయట జనరేటర్ చప్పుడుకే ఎగురుతుంటది.

"నువ్వు తాగవా? మరెట్ల తట్టుకుంటవే
గింత లొల్లి?" అని అడుగుతరు.
తాగుడు తెల్వక కాదు.
తాటివనంల మా నాయిన
ముందుగాల భూమికి ఇంత శాక వోసి
తర్వాత నా మోదుగాకు డొప్పల పోసిన కల్లు
ఇంక నాలిక మీదనే ఉన్నది.
ఇడిసిపెట్టింది పున్నెం కోసం గాదు,
ఒక పిల్లనగ్రోవి కోసం.

ఆ ఏడు పబ్లిక్ గార్డెన్ల
ఒక ముసలాయన కచేరి.
క్యాసెట్ అట్ట మీద ఆయన బొమ్మ చూసి
ఎనిమిదేండ్లు ఎదురు చూసిన.
"ఉత్తగ పోతే ఏం మజా వస్తదిర" అని
దోస్తులు కుమార్‌పల్లి సందుల కూసోవెట్టిండ్రు.
మూడు గ్లాసులు. పల్లీలు, ఉల్లిగడ్డ ముక్కలు.
ఇగ కచేరిల యాదికున్నదేంది?
మోకాళ్లకు తగిలిన తడి గడ్డి,
ఒక చెప్పు పోవుడు,
ముందు గూసున్నామె కొప్పుల కనకాంబరాలు,
అందరు సప్పుడు జెయ్యకుంట ఉన్న కాడ
నేనొక్కన్నే ఈల వేసుడు.
ఆయన మళ్ల ఓరుగల్లుకు రాలే.
రెండేండ్లకు పోయిండు.
టికెట్ ముక్క నా బీరువల ఉన్నది.
ఆ రాత్రి జేబులున్న ఆ కాయితమే
నాకంటె ఎక్కువ ఇన్నది ఆయనను.

అట్లని తాగి ఆడేటోళ్లను చూసి నవ్వ.
మొన్న పరకాల పెండ్లిల
క్రేన్ నడిపే ఓదెలు
బరాత్ ముందర మూడు గంటలు ఆడిండు.
పగటి పూట ఆ భుజాలు కదలంగ
ఎవలు చూడలే.
రాత్రి రెండింటికి
నేను వైర్లు చుట్టుకుంట ఉంటె
స్పీకర్ డబ్బకు ఒరిగి గూసొని అన్నడు:
"తమ్ముడు చెరువుల మునిగిన నాడు
నేను ఒడ్డు మీదనే ఉన్ననే.
నాకు ఈత రాదని చెప్పిన అందరికి.
వస్తది."

సగం చుట్ట కాడ నా చెయ్యి ఆగింది.
మీటలన్ని కిందికే ఉన్నయి.
పదమూడేండ్లల్ల ఒక్క గొంతు
గింత సాఫుగ ఇనవడలే.

మందు లేకుంటె ఆ మాట బయటికి వస్తుండెనా?
ఏమో.
నేను గూడ తాగి ఉంటె
అది ఎవలి చెవుల పడుతుండె?
స్పీకర్ డబ్బకు చెవులుండయి.

పొద్దుగాల్ల చాయ్ బండి కాడ కలిసిండు.
కండ్లు ఉబ్బినయి, చేతులు జేబుల్ల.
నా దిక్కు చూడకుంట అడిగిండు:
"రాత్రి ఏమన్న వాగిన్నా?"
"లే. మస్తు ఆడినవ్."
బన్ను రెండు ముక్కలు జేసి
ఒకటి నాకిచ్చిండు.
చానసేపు ఇద్దరం నములుకుంట నిలవడ్డం.
"సౌండు జర తక్కువైంది గని" అన్నడు.
"అవ్," అన్న, "ఈసారి పెంచుత."