పడవలో మిగిలిపోయిన కుక్క

క్లైపెదలో నవంబరు.
మధ్యాహ్నం నాలుగింటికే కిటికీ నల్లబడింది.
నా తెర మీద ఒకే ఒక్క పరీక్ష,
నాలుగు వందల వరుసల పొడవు.
పేరు: పరీక్ష1.

ఫెర్రీ టికెట్ల లెక్క మాది.
మనిషికింత, సైకిలుకింత, కుక్కకింత,
ఏడేళ్లు నిండని పిల్లలకు ఉచితం.
అన్నీ ఒకే గంపలో కుమ్మరించాను.
ఎర్రగా వెలిగితే
ఏది విరిగిందో నాకే తెలీదు.

దైనోరా వచ్చి నా వెనక నిలబడింది.
పద్దెనిమిదేళ్లు ఆ ఫెర్రీ మీదే టికెట్లు చింపిన మనిషి,
ఇప్పుడు మా కోడు చింపుతోంది.
"ఇది పరీక్ష కాదు, అటక.
ఒక పరీక్షకి ఒక ప్రశ్న.
అర్ధరాత్రి ఫోను మోగి లేచినవాడికి
పేరు చూడగానే తెలిసిపోవాలి."

విడగొడుతూ కూర్చున్నాం.
ముందు సర్దడం: రేవు, పడవ, ఒక మనిషి.
తర్వాత ఒక్క పని: టికెట్టు అడగడం.
చివర ఒక్క మాట: ఎంతయిందో చూడటం.
మధ్యలో ఖాళీ వరుసలు,
మెట్లెక్కేవాడు ఆగి ఊపిరి తీసుకున్నట్టు.

'సరిగ్గా ఇవాళే ఏడు నిండిన పాప డబ్బు కట్టాలి'
అని పేరు పెడుతూ ఆమె వేళ్లు ఆగాయి.
"నేనెప్పుడూ తీసుకోలేదు.
పుట్టినరోజు కదా."
పరీక్షని మాత్రం అలాగే ఉంచింది.

నలభై ఒక్క చిన్న పరీక్షలు. అన్నీ పచ్చ.
నేను కోటు తొడుక్కున్నాను.
"వరుస కలిపేసి నడుపు" అంది.

ఆరు ఎర్రబడ్డాయి.

ఇది సరిచేస్తే అది, అది సరిచేస్తే ఇది.
కోటుతోనే గంటన్నర.
దొరికింది చివరికి:
కుక్క ఛార్జీ కోసం నేను ఎక్కించిన కుక్కని
ఎవరూ దింపలేదు.
ఇన్నాళ్లూ అట్టడుగున ఉంది కాబట్టి ఎవర్నీ కరవలేదు,
ఇప్పుడు ముందుకొచ్చి
ఒంటరి ముసలాయన టికెట్టులో కుక్క,
బడిపిల్లల గుంపు టికెట్టులో కుక్క,
ఎవరూ పిలవని చోటల్లా తోకాడిస్తూ.

"ఎవరి పడవ వాళ్లకి కొత్తగా కట్టు.
ఎవరి కంచం వాళ్లే కడిగి లేవాలి"
అని దైనోరా దీపం ఆర్పేసింది.
అందరికీ ఒకటే పడవ చాలదా అని
పొద్దున నేనే వాదించాను.
ఆ మాట ఆమె ఎత్తలేదు.

ఆఖరి ఫెర్రీలో నేను, ఒక సైకిలు,
టోపీ పెట్టుకున్నాయన, ఆయన కుక్క.
అవతలి రేవులో అందరూ దిగారు.
నేను మాత్రం తలుపు దగ్గరే నిలబడ్డాను,
దాని నాలుగు కాళ్లూ
నేల మీద పడేదాకా.