ఐదువందల అరవైకీ ఎనభైకీ మధ్య

ఉప్పల్ శిక్షణ గదిలో మొదటిరోజు
వహీదుద్దీన్ సారు షీటు పరిచి
నాలుగు మూలల మీద నాలుగు రాళ్ళు పెట్టాడు.
"ఫ్యాను గాలికి హైదరాబాద్ ఉడాయిస్తది, బేటా."
నేను ముందు రాళ్ళనే చూశాను.
బూడిదరంగు గ్రానైటు, పెద్ద పలుకు,
సమ్మెట దెబ్బకు విరిగిన అంచు.
మా దిక్కు రాయే.

బడిపుస్తకంలో సమోన్నత రేఖ,
ఇక్కడ ఉత్త కాంటూరు.
గోధుమరంగు గీత మీద ఎంతసేపు నడిచినా
ఎక్కినట్టూ కాదు, దిగినట్టూ కాదు.
గీతలు ఒరుసుకుంటే నిట్టనిలువు,
ఎడమెడంగా పడుకుంటే చదును.
అన్నీ కలిసి మోచెయ్యి వంచాయంటే
నడుమ వాగుంటుంది.
మోచెయ్యి చూపేది వాగు పుట్టిన దిక్కు.
"నీళ్ళకు చదువు రాదు," అన్నాడు సారు,
"అయినా ఈ గీతలు ఎన్నడూ తప్పు చదవయి."

స్కేలు యాభైవేలకు ఒకటి.
సెంటీమీటరంటే అర కిలోమీటరు.
పెన్సిలు చెక్కించి
వెంట్రుకంత గీత గీయించి
దాని మందం లెక్కగట్టమన్నాడు.
నేల మీద పది మీటర్లు!
మా గల్లీ వెడల్పు ఆరడుగులు.
అంటే గల్లీ, గల్లీ మొదట్లో నల్లా,
తెల్లారకముందే అక్కడ పెట్టిన బిందెలు,
బిందె జరిపినందుకు యాదమ్మత్త తిట్టిన తిట్లు
అన్నీ ఒక్క పెన్సిలు గీత కింద పడతాయి,
ఇంకా జాగా మిగులుతుంది.
నాకు నవ్వొచ్చింది.
సారు నవ్వలేదు.

సాయంత్రం మెహిదీపట్నంలో బస్సు మారి
కిటికీ పక్కన కూచుని గీతలు లెక్కపెట్టాను.
టోలిచౌకి దాటాక డ్రైవరు గేరు దించాడు, ఒకటి.
నిలబడ్డవాళ్ళు కడ్డీ బిగించి పట్టుకున్నారు, రెండు.
ఎవరిదో ఉల్లిగడ్డ సంచిలోంచి జారి
వెనక సీటుదాకా దొర్లుకుంటూ పోయింది.
పదిహేనేళ్ళుగా మోకాళ్ళకు తెలిసిన ఎత్తు
నాకు ఇవాళ తెలిసింది.

నాలుగోరోజు పాత షీటులో మా గుట్ట వెతికాను.
నానక్‌రాంగూడ వెనక, మట్టిబాట మలుపులో,
మా నాయిన ఓర్సు గంగులయ్య
పదకొండేళ్ళకు ఉలి పట్టిన గుట్ట.
కొసన మూడు బండలుండేవి ఒకదానిమీదొకటి:
తల్లి, తల్లి చంకన పిల్ల, పిల్ల నెత్తిన గంప.
మలుపుంది. బాటుంది.
గుట్ట లేదు.

సారు కళ్ళద్దాలు తుడుచుకుని వంగాడు.
"ఇరవై మీటర్లకు ఒక గీత బేటా.
మీ గుట్ట ఐదువందల అరవై దాటినంక మొదలైంది,
ఎనభై తగలకముందే ఆగింది.
రెండు గీతల నడుమ ఏమున్నా
కాయితానికి చదునే."

అరవై అడుగులని నాయిన లెక్క.
పద్దెనిమిది మీటర్లు.
గంప మీద ఇంకొక్క మనిషి నిలబడి
చెయ్యెత్తి ఉంటే
గీత పడేదేమో.

అప్పుడు కొత్త షీటు తీశాడు.
అదే మలుపు పక్కన ఒక గుండ్రం,
దాని లోపల ఇంకొకటి,
రెంటికీ లోపలివైపు సన్నని పళ్ళు.
"పళ్ళు లోపలికుంటే గుంత," అని
నావైపు చూడకుండా చెప్పాడు.
గుట్టకు దొరకని గీత
గుంతకు రెండు దొరికాయి.

జిరాక్సు తీసి ఇంటికి తెచ్చాను.
నాయిన ట్యూబులైటు కింద పట్టుకుని
పైన ఏదో కింద ఏదో తెలియక తిప్పాడు.
చెయ్యి పట్టి వేలు పెట్టించాను.
సమ్మెట పడి చీలిన బొటనవేలు.
గుంత, కాలనీ, అద్దాల ఆఫీసులు
దాని కింద కప్పుకుపోయాయి.
"గింతేనా?"
"కిలోమీటరు నాయినా, నీ వేలు."
వేలు తీసి చూసుకున్నాడు.

కాసేపయ్యాక అడిగాడు:
"లోతు సరిగ్గ రాసిండ్రా?"
"ఇరవై మీటర్ల పైన, నలభై లోపల."
"అట్ల రాస్తరా? డెబ్బై ఆరడుగులు.
నిచ్చెన మెట్లు నేను లెక్కవెట్టిన, రాయి."

పళ్ళ గుండ్రం పక్కన
పెన్సిలుతో డెబ్బై ఆరు వేశాను.
ఆరు తోక కింద
మా గల్లీ పోయింది.
ఆ మాట నాయినకు చెప్పలేదు.