ఆరబెట్టే గది

సోమవారం పదిన్నరకి బస్సు ఆగుతుంది.
స్వాన్సీ నుంచి ముప్పైనలుగురు పిల్లలు,
ఇద్దరు టీచర్లు, ఒక వాంతుల బకెట్టు.
ఈ ఊరి పేరు బాలా.
చెరువులోంచి నీళ్లు బయటపడే చోటని
వెల్ష్ భాషలో అర్థమట.
నాకు మాత్రం ఎవరో "ఓ పిల్లా" అని పిలిచినట్టే వినిపిస్తుంది,
పన్నెండేళ్లయినా.

హాల్లో అందరం వరసగా నిలబడతాం.
పేరు, ఏం నేర్పుతారు, ఇష్టమైన బిస్కెట్టు.
మనిషికి ఒక వాక్యం, అదే లెక్క.
మిగతాదంతా నా గదికొస్తుంది
తడిసి, బురదోడుతూ, సాయంత్రం అయిదింటికి.

ఆ పొడుగాటావిడ గ్వెన్‌లియన్. పడవలు.
ఎప్పుడూ ఎడమ బూటు మడమే ముందరుగుతుంది ఆవిడకి.
ఒడ్డునే పుట్టి, ఈత ఇరవై రెండో ఏట నేర్చింది.
అందుకే "భయపడకు" అనదు ఎవర్నీ.
"భయపడుతూనే కూర్చో,
తెడ్డు మాత్రం ఇలా పట్టుకో" అంటుంది.

గడ్డమాయన ఇద్రిస్.
వాళ్ల తాత పలకరాయి కొట్టిన చీకట్లోకి
హెల్మెట్ మీద డైనోసార్ స్టిక్కరున్న పిల్లల్ని నడిపిస్తాడు.
లోపలికెళ్లాక ఒక్క నిమిషం దీపాలన్నీ ఆర్పిస్తాడు.
ఆ నిమిషంలో తనేం చేస్తాడో నాకు తెలుసు.
జేబులో పిప్పరమెంటు బిళ్ల నలుపుతుంటాడు.
వారానికోసారి అది నా హీటర్ మీద కరిగి
గదంతా కిళ్లీకొట్టు వాసనేస్తుంది.

మారెక్‌ది తాళ్ల పని.
మీ ముడి చూస్తాడు, తన ముడి చూస్తాడు,
మళ్లీ మీ ముడి చూస్తాడు.
అతని బూటు లేసు విప్పలేక ఓసారి కత్తెర తెచ్చాను.
చెయ్యి పట్టుకు ఆపేశాడు.
తాడు తెగడం ఎక్కడో చూసిన చెయ్యి అది.
ఎక్కడని నేనడగలేదు.

బల్ల కింద పడుకున్నది పుట్, ముసలి కుక్క.
అది ఏమీ నేర్పదు.
సాండ్‌విచ్ కింద పెట్టకూడదని తప్ప.

చిట్టచివర, మడతలు పోని ఎర్ర జాకెట్టులో
ఎలెరి. పద్దెనిమిదేళ్లు. ఇవాళే చేరింది.
ఏడేళ్ల కింద ఇలాంటి బస్సులోనే దిగింది.
రెండో రాత్రి ఇంటికెళ్లిపోతానని
నా గదిలో బూట్ల అరల మధ్య కూర్చుని ఒకటే ఏడుపు.
నేను ఓదార్చలేదు. నాకు రాదది.
జతలు కలపమన్నాను.
యాభై రెండు బూట్లు.
తెల్లారి అందరికన్నా ముందు కొండెక్కింది.

ఇప్పుడు తన ఒక్క వాక్యం మర్చిపోయి
చెవులు కందిపోయి నిలబడింది.
హాలు హాలంతా చూస్తోంది.
మూడో వరసలోంచి ఒక కళ్లజోడు కుర్రాడు
"కస్టర్డ్ క్రీమా?" అని అందించాడు.
అవునంది.
అబద్ధం. ఆ పిల్లకి గోధుమే పడదు.

నా వంతు.
నాంచారమ్మ వీళ్ల నోట పట్టదు,
అంచు విరిచి నాన్ అంటారు.
ఇక్కడ నాన్ అంటే అమ్మమ్మ.
నాకు మనవలు లేరు.
లేరంటే, వారానికి ముప్పై మంది చొప్పున ఉన్నారు
శుక్రవారం మధ్యాహ్నం దాకా.
ఇంత మాటా లోపల తెలుగులో ఉండిపోయింది.
పైకన్నది ఇదీ:
"నేను నాన్. తడిసినవి నాకివ్వండి. అల్లం బిస్కెట్టు."

బయట వాన మొదలైంది.
గ్వెన్‌లియన్ కిటికీ వంక చూసి
పండగొచ్చినట్టు చేతులు రుద్దుకుంది.

నేను గదికొచ్చాను. వెనకే ఎలెరి.
ఏమీ మాట్లాడకుండా అరల ముందు కూర్చుని
బూట్లు జతలు కలపడం మొదలెట్టింది.
అవి పొద్దున్నే కలిపి పెట్టినవి.
విడదీసి, మళ్లీ కలుపుతోంది.

నేనటు తిరిగి హీటర్ వేశాను.